రెండు గడియారాల నడుమ తీగ

ఆ తీగ పెట్టింది నేనే. ఇంకెవరి మీదకో నెట్టేద్దామన్నా కుదరదు. మా ల్యాబులో తీగల కట్టను మైనం పూసిన దారంతో, వేలెడు దూరానికో ముడి చొప్పున కట్టేవాణ్ని నేనొక్కణ్నే. మిగతావాళ్లు ప్లాస్టిక్ పట్టీ బిగించి చేతులు దులుపుకుంటారు. ముప్పై ఒక్కేళ్లుగా ఆ ముడులు వేస్తున్నాను కాబట్టి అందరూ నన్ను తీగల మావయ్య అంటారు. డైరెక్టరుగారూ అలాగే పిలుస్తారు. ఆయన నాకంటే రెండేళ్లు పెద్దవాడన్న సంగతి ఎన్నిసార్లు గుర్తు చేసినా లాభం లేదు.

మా అమ్మాయి కూడా ఆ ల్యాబులోనే ఇంజనీరు. నేను టెక్నీషియన్ని. అది ఆలోచిస్తుంది, నేను అతుకులు వేస్తాను. చేరిన మొదటి రోజే బస్టాపులో నన్ను నిలబెట్టి షరతులు పెట్టింది.

"లోపలికెళ్లాక నువ్వెవరో నేనెవరో నాన్నా. నా గురించి ఎవరికీ గొప్పలు చెప్పొద్దు. నా కుర్చీ తుడవొద్దు."

"కుర్చీలు తుడిచే ఉద్యోగమా నాది?" అన్నాను.

"కాదు. అయినా తుడుస్తావు. నాకు తెలుసుగా."

ఒళ్లు మండింది కానీ ఒప్పుకున్నాను. నలభై మందితో పోటీపడి తెచ్చుకున్న ఉద్యోగం దానిది. వాళ్ల నాన్న చలవ అని ఎవరైనా అంటే తట్టుకోలేదు. అప్పట్నుంచీ ఒకే బస్సులో వెళ్తాం, అది ముందు సీట్లో, నేను వెనక సీట్లో. కండక్టరు మేమిద్దరం పోట్లాడుకున్నామని అనుకుంటాడు.

మేం తయారుచేసేది అంబులెన్సుల్లో పెట్టే రేడియో. ఆసుపత్రి నుంచి పంపిన కబురు పరుగెత్తే బండిలో అందాలి. వినడానికి చిన్న పనిలాగే ఉంటుంది. గాల్లోంచి వచ్చే సంకేతం ఏ క్షణాన మొదలవుతుందో రిసీవరుకు తెలియదు. అందుకని పంపేవైపు నుంచి ప్రతి కబురుకూ ముందు, ఇద్దరికీ తెలిసిన ఒక చిన్న వరస వస్తుంది. అమ్మాయి దానికి పల్లవి అని పేరు పెట్టింది, ఇప్పుడు ల్యాబంతా అదే మాట. రిసీవరు ఆ పల్లవిని పట్టుకుంటే రెండు సంగతులు తెలుస్తాయి. కబురు సరిగ్గా ఎక్కడ మొదలైందో తెలుస్తుంది. పంపేవాడి గడియారానికీ తన గడియారానికీ ఎంత తేడా ఉందో తెలుస్తుంది. రేడియోలో గడియారమంటే గోరంత క్రిస్టల్. ఏ రెండు క్రిస్టల్సూ ఒక్కలా నడవవు. ఎండ తగిలితే ఒక నడక, చలి వేస్తే ఇంకో నడక. బండి వేగం దానికి తోడు. ఆ తేడాను లెక్కగట్టి సర్దుకోకపోతే వచ్చిన కబురంతా గందరగోళమే.

మా పెద్ద ఇంజనీరు చేసిన పాత పద్ధతిలో రిసీవరు పల్లవిని నాలుగుసార్లు విని, అప్పుడు నమ్మేది. ఆయన మాట, నడక, భోజనం అన్నీ అలాగే ఉంటాయి కాబట్టి ఆయన్ని నిదానంగారు అంటాం. మా అమ్మాయి వచ్చి, నాలుగుసార్లు ఎందుకండీ, ఒక్కసారి చాలు అంది. నిండు సమావేశంలో బోర్డు మీద రాసి చూపించింది. నిదానంగారు కళ్లజోడు తీసి తుడుచుకుని, చేసి చూడమ్మా అన్నారు. చేసింది. ఎనిమిది నెలలు మా బెంచి మీద పరీక్షిస్తే నూరు కబుర్లకు నూరూ పట్టుకుంది. నేను ఇంట్లో మా ఆవిడ దగ్గర ఆ నూరు అంకె ఎన్నిసార్లు చెప్పానో లెక్కలేదు. బయట గొప్పలు చెప్పొద్దంది గానీ ఇంట్లో చెప్పొద్దనలేదుగా.

దాని వినికిడి కూడా అంతే. మనం సగం మాట అనేసరికి మిగతా సగం అదే పూరించేస్తుంది. చాలాసార్లు సరిగ్గానే పూరిస్తుంది, అదే వచ్చిన చిక్కు. నేనేమో మాట మొదలుపెట్టడానికే సమయం తీసుకునే మనిషిని. మీరు గొంతు సవరించుకునేలోపు టీ చల్లారిపోతుంది అంటుంది మా ఆవిడ.

గురువారం అసలు పరీక్ష. అంబులెన్సులవాళ్ల తరఫున మనిషి వస్తుంది, బండిలో ఐదు రిసీవర్లు పెట్టి చూపించాలి. సోమవారం మధ్యాహ్నం అందరూ భోజనాలకు వెళ్లాక, పంపే యంత్రాన్ని పైఅంతస్తుకు చేర్చడం కోసం బెంచి వెనక తీగలు ఒక్కొక్కటే విప్పుతున్నాను. అప్పుడు కనిపించింది. సన్నటి నల్లతీగ. పంపే యంత్రం, అంటే సిగ్నల్ జనరేటరు, వెనక నుంచి బయల్దేరి, నా ముడులతో ముద్దుగా ఒదిగి, బెంచి కింద నుంచి వచ్చి రిసీవరును బిగించే చట్రంలోకి వెళ్తోంది.

నాకు వెంటనే అర్థమైంది, ఎందుకంటే పెట్టిన రోజు బాగా గుర్తుంది. ఎనిమిది నెలల కింద రిసీవరు మొదటి సర్క్యూట్ బోర్డు వచ్చేనాటికి క్రిస్టల్స్ రాలేదు. అమ్మాయి కాలుగాలిన పిల్లిలా తిరుగుతోంది. క్రిస్టల్ వచ్చేదాకా పని ఆగడమెందుకని, పంపే యంత్రం గడియారాన్నే ఆ తీగ మీదుగా రిసీవరుకు అందించాను. రెండు వారాలకు క్రిస్టల్స్ వచ్చాయి. ఒక్కొక్క బోర్డు మీదా శ్రద్ధగా అతికించాను. తీగ మాత్రం తీయలేదు. మా బోర్డుకు ఒక గుణం ఉంది. బయటి నుంచి గడియారం అందుతుంటే అది సొంత క్రిస్టల్ని పక్కనపెట్టి బయటిదాన్నే వాడుకుంటుంది. అంటే ఎనిమిది నెలలుగా మా అమ్మాయి రిసీవరు, ఏ గడియారాన్ని గాల్లో వెతికి పట్టుకోవాలో ఆ గడియారాన్నే బల్ల కింద నుంచి అందుకుంటోంది. పరీక్ష రాసే పిల్ల ఒళ్లో జవాబుల కాగితం పెట్టినట్టు. పరీక్షలో మేమే జనరేటరులో కొంచెం తేడా పెట్టేవాళ్లం, నిజమే. కానీ అది పెట్టినచోట కుదురుగా ఉండే తేడా. క్రిస్టల్ ఎక్కడైనా కుదురుగా కూర్చుంటుందా?

తీగ పీకేశాను. దాని పరీక్షనే నేను నడిపించాను. నూటికి అరవై రెండు వచ్చింది. ఏదో పొరపాటేమోనని మళ్లీ నడిపించాను. యాభై తొమ్మిది. ల్యాబులో ఉన్న వేడిగాలి యంత్రాన్ని జానెడు దూరంలో పట్టుకుని బోర్డును చేయి పెట్టలేనంత వేడి చేసి చూశాను. తొమ్మిది.

అందరూ తిరిగొచ్చేసరికి తీగను మళ్లీ యథాస్థానంలో తగిలించేశాను. చేతులు వాటంతటవే చేశాయి.

ఆ సాయంత్రం బస్సు దిగి ఇంటికి నడుస్తుండగా గొంతు సవరించుకున్నాను.

"తల్లీ, నీ రిసీవరు ఉంది చూడు…"

"నాలుగుసార్లు వినాలి, అంతేగా? నిదానంగారు చెప్పి పంపారా?"

"ఆయన కాదమ్మా, అసలు ఆ బెంచి…"

"బెంచి బుధవారం దాకా విప్పొద్దు నాన్నా, నాకింకా పనుంది. నువ్వు కంగారుపడకు. నేను కంగారుపడట్లేదు, చూడు." చేయి చాచి చూపించింది. వేళ్లు వణకడం లేదు. ఎంత ధీమాగా ఉందో ఆ చేయి.

మా పనిలో దొంగపట్టు అని ఒకటుంది. రిసీవరు ఏదో చప్పుడును పల్లవి అనుకుని పట్టేస్తుంది. అక్కణ్నుంచి వచ్చిందంతా తప్పుగానే చదువుతుంది, అదీ ఎంతో నమ్మకంగా చదువుతుంది. మా అమ్మాయి నా మాటను అలా పట్టుకుందని ఆ పూట దాని మీద కోపం తెచ్చుకున్నాను. అది ఒట్టి సాకు. నిలబెట్టి చెప్పాలనుకుంటే చెప్పలేనా? నీళ్లు నమిలింది నేను.

మంగళవారం అంతకంటే పెద్ద పని చేశాను. పాత ప్రాజెక్టు ఒకదానిలో మిగిలిన మంచిరకం గడియారాలు నా సొరుగులో ఉన్నాయి. ఎండకూ చలికీ చలించనివి. అవి సరిగ్గా ఐదున్నాయి. మా రేడియోల్లో వాటిని వాడరు, వేల సంఖ్యలో చేసే సరుకుకు అంత ఖరీదైన రకం పెట్టలేరు. కానీ గురువారం బండిలోకి వెళ్లేవి ఐదేగా! మధ్యాహ్నం ల్యాబు ఖాళీ అవగానే సోల్డరింగ్ ఐరన్ వేడి చేసి, ఐదింట్లోనూ మామూలు క్రిస్టల్స్ ఊడదీసి, వీటిని అతికించాను. పైన రేకు మూత బిగించేశాను. తీగ లేకుండానే నడిపి చూస్తే నూటికి తొంభై తొమ్మిది. వేడి చేసినా తొంభై ఎనిమిది. గురువారం గట్టెక్కితే తర్వాత మెల్లగా చెప్పొచ్చు, ఈలోగా అది ఏదో ఒక ఉపాయం కనిపెట్టేస్తుంది అనుకున్నాను. ముప్పై ఒక్కేళ్లలో అంత నున్నటి అతుకులు ఎప్పుడూ వేయలేదు. నామీద నాకే ముచ్చటేసింది, సిగ్గులేకుండా.

ఇంటికొచ్చాక ముచ్చట దిగిపోయింది. అమ్మాయి గదిలో తలుపేసుకుని ఏదో రాసుకుంటోంది. మా ఆవిడ బట్టలు కుడుతుంది. మిషను ముందు కూర్చుని ఎవరిదో కోటుకు లోపలిగుడ్డ వేస్తోంది. పక్కన స్టూలు మీద కూర్చుని మొత్తం చెప్పాను. ఆమె మిషను ఆపకుండానే వింది. ఐదు గడియారాల సంగతి వచ్చినప్పుడు మాత్రం ఆపింది.

"దానికి చెప్పకుండానే?"

"దాని కోసమే కదా చేసింది."

"చదరంగం కూడా దానికోసమే ఆడారు మీరు," అంది.

"అదిప్పుడు ఎందుకు?"

"ఎందుకంటే నేను మర్చిపోలేదు కాబట్టి. దానికి ఎనిమిదేళ్లు. రోజూ సాయంత్రం కావాలని ఓడిపోయేవారు. నా కూతురు నన్ను ఓడించిందోయ్ అని వీధంతా చెప్పేవారు. స్కూల్లో పోటీ పెడితే మొదటి ఆటలోనే ఓడిపోయి వచ్చింది. పన్నెండు ఎత్తుల్లో. ఆ తర్వాత ఆ బల్ల ముట్టుకుందా అది? అటక మీద పడుంది ఇప్పటికీ."

"చిన్నపిల్ల, ఏడుస్తుందని…"

"ఏడిస్తే ఏడ్చేది. ఆడటం వచ్చేది."

నేను మొహం మాడ్చుకుని లేచాను. ఆమె మళ్లీ మిషను తొక్కడం మొదలుపెట్టి, నా వైపు చూడకుండానే అంది.

"చెప్పేదేదో తిరగేసి చెప్పండి. మీరెప్పుడూ కొసమాట ఆఖరికి దాస్తారు. అది అప్పటిదాకా ఆగదు. మొదటి మాటే అసలు మాట అయి ఉండాలి."

బుధవారం ఉదయం బస్సులో నా సీటు వదిలేసి వెళ్లి దాని పక్కన కూర్చున్నాను. అది విచిత్రంగా చూసింది. నోరు తెరవబోతుంటే తెరవనివ్వలేదు.

"నీ నూటికి నూరు తప్పు. గడియారం తీగ నేను తీయలేదు," అన్నాను.

ఈసారి అది ఏదీ పూరించలేదు. నేను మొదటి బోర్డు, రాని క్రిస్టల్స్, చట్రం, బల్ల కింద తీగ, అన్నీ చెప్పాను. అరవై రెండు, యాభై తొమ్మిది, తొమ్మిది అని అంకెలు కూడా చెప్పాను. రెండు స్టాపులు దాటాయి. అది కిటికీలోంచి బయటికి చూస్తూ వేళ్ల మీద ఏదో లెక్కవేసుకుంది.

"అవును," అంది చివరికి. "తొమ్మిదే వస్తుంది. రావాలి కూడా. నేనే చూసుకోవాల్సింది. తేడా ఎప్పుడూ గీత గీసినట్టు కుదురుగా వస్తుంటే ముచ్చటపడ్డాను గానీ అనుమానపడలేదు." గొంతులో కోపం లేదు. "నువ్వు మర్చిపోయావు, నేను చూసుకోలేదు. చెరిసగం."

అక్కడితో ఆగిపోతే ఎంత బాగుండేదో! ఒక్క క్షణం ఆగిపోదామనే అనుకున్నాను. రేపు ఉదయం లేచి, మూతల కింద చూడకుండా బండెక్కుతుంది, గెలుస్తుంది, నవ్వుతూ దిగుతుంది. ఆ నవ్వు నా కళ్ల ముందు ఆడింది. అయినా చెప్పేశాను.

"నిన్న ఐదింట్లోనూ మంచిరకం గడియారాలు పెట్టేశాను. రేపటికి ఇబ్బంది లేకుండా."

అప్పుడు చూడాలి దాని మొహం. ఎర్రబడటం కాదు, తెల్లబడిపోయింది.

"తీగ మరుపు నాన్నా. దీన్నేమనాలి?"

నేను బస్సు టికెట్టును మడతలు పెడుతూ కూర్చున్నాను.

"ఎనిమిది నెలలు. ఒక్కసారి వింటే చాలు అని అందరి ముందూ అన్నాను. నిజంగా చాలుతుందో లేదో నాకిప్పటికీ తెలీదు. నాకు ఈ పని వచ్చో రాదో కూడా తెలీదు. రేపు తెలిసేది. అది కూడా తెలియనివ్వకుండా చేద్దామనుకున్నావు."

"నువ్వు ఓడిపోతే చూడలేక…"

"నువ్వు చూడలేకపోతే కళ్లు మూసుకో. నన్ను గుడ్డిదాన్ని చేయడమెందుకు?"

బస్సులో నలుగురు తిరిగి చూశారు. కండక్టరు ఇన్నాళ్లకు తన అనుమానం నిజమైందన్నట్టు తలాడించాడు. తల కొట్టేసినట్టయింది నాకు. మా స్టాపు రాగానే అది నాకంటే ముందు దిగి, వెనక్కి చూడకుండా నడిచిపోయింది.

ల్యాబులోకి అడుగుపెట్టేసరికి ఐదు రిసీవర్లూ నా బల్ల మీద వరసగా ఉన్నాయి. మూతలు విప్పేసింది. పక్కన నిలబడి, "ఊడదీయండి," అంది. దాని నోట 'అండి' అనే మర్యాదకు నేను నోచుకున్నది ఆ రోజే. ఒక్కొక్కటే ఊడదీసి, మామూలు క్రిస్టల్స్ తిరిగి అతికించాను. అది ప్రతి అతుకునూ భూతద్దంలో చూసింది. ఐదోది అయ్యాక ఐదింటినీ పట్టుకుని డైరెక్టరుగారి గదికి వెళ్లింది. నేను పిలవకపోయినా వెనకే వెళ్లాను. నిదానంగారు అక్కడే ఉన్నారు.

అది నిలబడే చెప్పింది. తన ఫలితాలు చెల్లవని, రిసీవరుకు పంపే యంత్రం గడియారం అందుతూ ఉండిందని, ఆ సంగతి తను చూసుకోలేదని. తీగ ఎవరు పెట్టారన్నది మాత్రం ఎత్తలేదు. డైరెక్టరుగారు తలపట్టుకున్నారు.

"తీగ ఎవరిది?" అన్నారు.

"నాది," అన్నాను. "ముడులు చూడండి. నిన్న ఐదింట్లో మంచిరకం గడియారాలు పెట్టిందీ నేనే. ఈవిడకు చెప్పకుండా పెట్టాను. ఈవిడ ఊడదీయించింది."

డైరెక్టరుగారు నన్ను పైనుంచి కిందిదాకా చూశారు. తర్వాత అమ్మాయి వైపు తిరిగి, రేపు బండి చెడిపోయిందని చెప్పి వాయిదా వేద్దామా అని అడిగారు.

"వద్దు సార్," అంది అమ్మాయి. "ఉన్నది ఉన్నట్టు చూపిద్దాం. వీటితోనే."

నిదానంగారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. ఆయన ఇప్పుడేమంటారోనని చూస్తున్నాను. ఆయన స్థానంలో నేనుంటే కనీసం ఒక్క చురక అంటించేవాణ్ని.

"నా పాతది కూడా పక్కన పెడదామమ్మా," అన్నారు తాపీగా. "రెండూ చూస్తారు. పాతది నెమ్మది, కానీ పలుకుతుంది. వచ్చినవాళ్లు ఉత్తచేతులతో వెళ్లకూడదు కదా." కళ్లజోడు పెట్టుకుని, "నేను కూడా ఆ తీగ చూడలేదు. రోజూ ఆ బెంచి పక్కనే టీ తాగుతాను," అన్నారు.

గురువారం పదిన్నరకు బండి పెరట్లో ఎండలో నిలబడి ఉంది. వచ్చిన పెద్దావిడ ఇరవై ఏళ్లు అంబులెన్సు నడిపిన మనిషట. బండి ఎక్కగానే అద్దాలు ఎత్తేసి, మా బళ్లు ఇలాగే ఉంటాయి అంది. అమ్మాయి ఆవిడ పక్కన. నేను మూడో అంతస్తు కిటికీ దగ్గర పంపే యంత్రంతో. ఇద్దరి దగ్గరా చెరో వాకీటాకీ. అది పంపు అన్నప్పుడు నేను నూరు కబుర్లు పంపాలి, ఎన్ని అందాయో అది చెప్పాలి.

నిదానంగారి పాతది తొంభై ఆరు పట్టింది, ప్రతిదానికీ తడుముకుంటూ. అమ్మాయిది మొదలైంది. ఐదు రిసీవర్లలో మంచిది యాభై ఎనిమిది. మిగతావి అంతకంటే తక్కువ. వాకీటాకీలో ఆ అంకెలు దాని గొంతుతోనే విన్నాను. ప్రతి అంకెనూ ఒకేలా, ఒడిదుడుకుల్లేకుండా చదివింది. ఆ తర్వాత వెనక నుంచి పెద్దావిడ మాట వినిపించింది.

"నీది తొందరగానే పలుకుతోందమ్మా. కానీ సగంసార్లే పలుకుతోంది. నేను సగం మంది పేషెంట్లనే ఎక్కించుకోలేను కదా."

"అవునండీ," అంది అమ్మాయి.

"అయినా నిన్నటిదాకా నూటికి నూరని మాకు కాగితం పంపి, ఇవాళ ఎదురుగా కూర్చుని తప్పని చెప్పావు. అలా చెప్పినవాళ్లను నేను పెద్దగా చూడలేదు. ఆరు వారాలాగి వస్తాను. అప్పటికి ఏముంటే అది చూపించు. లేకపోతే ఆ పెద్దాయనది తీసుకుంటాం."

ఆవిడ దిగి వెళ్లిపోయింది. డైరెక్టరుగారు గేటు దాకా వెళ్లారు. అమ్మాయి దిగలేదు. కిటికీలోంచి చూస్తే దాని తల మాత్రం కనబడుతోంది, ఒళ్లో కంప్యూటరు మీదికి వంగి. ఎండ నడినెత్తికి ఎక్కుతోంది. వాకీటాకీ గరగరలాడింది.

"మళ్లీ పంపు."

నూరు పంపాను. యాభై ఏడు.

"మళ్లీ."

యాభై ఎనిమిది. మళ్లీ. యాభై ఐదు. నా ఎదుట యంత్రం మీద పంపే బలాన్ని పెంచే మీట ఉంది. ఒక్క గీత తిప్పితే చాలు, కింద పది కబుర్లు ఎక్కువ అందుతాయి. ఎవరికీ తెలియదు. ఆ వేడిలో, అద్దాలెత్తిన బండిలో, చెమటలు కక్కుతూ కూర్చున్న నా కూతురికి ఒక్క మంచి అంకె ఇవ్వగలను. నా వేళ్లు మీట దాకా వెళ్లాయి, నిజం. దాని మీద ఆనాయి కూడా. ఏడుపొచ్చింది నాకు. చేయి వెనక్కి తీసుకుని జేబులో పెట్టుకున్నాను. పంపే బొత్తాం నొక్కడానికి ఎడమచేయి చాలు.

కింద దాని తల కంప్యూటరు మీదికి వంగుతోంది. ఆగుతోంది. అడ్డంగా ఊగుతోంది. మళ్లీ వంగుతోంది.

"పల్లవి సరిగ్గా దొరికిందో లేదో అనుమానంగా ఉన్నప్పుడు మాత్రం రిసీవరును ఇంకోసారి వినమన్నాను. నమ్మకంగా ఉంటే ఒక్కసారే. గడియారాల తేడా కోసం వెతికే మేర కూడా పెంచాను," అంది. నాకు చెబుతున్నట్టు లేదు, తనకు తానే చెప్పుకుంటోంది. "పంపు."

నూరు పంపాను.

"డెబ్బై ఒకటి," అంది.

గొంతు సవరించుకున్నాను గానీ దాని వెనక మాటేమీ లేదు.

"పైన ఏమైనా ముట్టుకున్నావా?"

"లేదు."

కింద బండిలో దాని తల పైకి లేచింది. అంత దూరం నుంచి కళ్లు కనబడవు, కానీ మూడో అంతస్తు కిటికీ వైపే చూస్తోందని తెలుస్తోంది. నేను కదల్లేదు. నమ్మమని అడగడానికి నాకు మొహం లేదు. వారంలో రెండుసార్లు దాని చేతిలో అబద్ధపు అంకె పెట్టబోయినవాణ్ని, మూడోసారి పెట్టే ఉంటానని అది అనుకుంటే నా దగ్గర ఏం సాక్ష్యముంది? ఇది కూడా పోతుంది, ఈ డెబ్బై ఒకటి కూడా దానిది కాకుండా పోతుంది, దానికి కారణం నేనే అవుతాను. అలా ఎంతసేపు చూసిందో తెలియదు.

తర్వాత తల దించింది.

"సరే. రాసుకుంటున్నాను," అంది. "మళ్లీ పంపు."